వెనక రెండు గొలుసులు

గొలుసు బిగించాక దాని మీద సుత్తితో ఒక దెబ్బ వేసి వినాలి. టంగుమని మోగితే బిగిసినట్టు. దబ్బుమంటే ఎక్కడో సడలు ఉన్నట్టు. సోమవారం పొద్దున మేస్త్రి ట్రైలరు చుట్టూ తిరిగి నాలుగు గొలుసుల మీదా నాలుగు దెబ్బలు వేశాడు. మూడు మోగాయి. నాలుగోది గొణిగింది. గొలుసు బిగించే లీవరు విప్పి, ఒక లింకు ముందుకి పట్టించి, ఒంటి బరువంతా దాని మీద మోపి మళ్ళీ బిగించాడు. ఈసారి అదీ మోగింది.

రోడ్డు పనులకి, ఇళ్ళ పనులకి చిన్న చిన్న మిషన్లు అద్దెకిచ్చే యార్డు అది. రోలర్లు, మట్టి తవ్వేవి, కాంక్రీటు కలిపేవి, ఏది ట్రైలరెక్కినా దాన్ని కట్టి రోడ్డు మీదికి పంపే పూచీ మేస్త్రిది. పంతొమ్మిదేళ్ళుగా ఆయన కట్టిన లోడు ఒక్కటి కూడా జానెడు జరగలేదు. ఆ మాట ఆయనే రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు. యార్డంతా ఆయన్ని సుత్తి మేస్త్రి అనేది. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుంది గనక అలా అంటున్నారని ఆయన అనుకునేవాడు. దొరికినవాణ్ణి దొరికినట్టు కూర్చోబెట్టి గొలుసుల గురించి గంటసేపు చెబుతాడు గనక అలా అంటున్నామని మిగతావాళ్ళకి తెలుసు. ఎన్ని చెప్పినా, అసలు ఎలా కట్టాలో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. అది తన సొత్తు.

ముందు రెండు గొలుసులూ లోడింగు వాళ్ళు వేయొచ్చు. అవి మిషన్ని వెనక్కి జారనివ్వవు. బ్రేకు పడ్డప్పుడు మిషను ముందుకి ఉరుకుతుంది చూశారూ, దాన్ని పట్టి ఆపేవి వెనక రెండు గొలుసులు. వాటి మీద ఇంకొకరి చెయ్యి పడడానికి వీల్లేదు.

పడింది. ఆయన బావమరిది ఊరికే నిలబడలేక వెనక లీవరు మీద చెయ్యి వేశాడు. ముప్పై ఏళ్ళవాడు, తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. మేస్త్రి మాట సాయంతో యార్డులో చేరి మూడు వారాలైంది.

"ఏయ్, చెయ్యి తియ్యి!"

"సాయం చేద్దామని బావా."

"నీ సాయం లేకపోతే ఇన్నేళ్ళూ బళ్ళు ఆగిపోయాయా? నువ్వు స్టీరింగు పట్టుకో. గొలుసు నేను పట్టుకుంటా. నా సంతకం లేకుండా ఈ గేటులోంచి ఒక్క బండి బయటికి పోదు. సంతకం పడిందా, నువ్వు కళ్ళు మూసుకుని తీసుకుపోవచ్చు."

"కళ్ళు మూసుకుని నడిపితే లైసెన్సు పీకేస్తారు బావా" అని నవ్వాడు బావమరిది. లోడింగు వాళ్ళూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు గానీ ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉంది. ఇంటి మనిషి ముందు ఎవరికైనా కాస్త గొప్పగానే ఉంటుంది మరి.

సంతకం సంగతి చెప్పాలి. ప్రతి లోడుకీ ఒక కాయితం ఉంటుంది. గొలుసులు నాలుగా, కింద రబ్బరు పట్టా ఉందా, మిషను బ్రేకు వేసి ఉందా, అన్నిటికీ ఎదురుగా టిక్కులు, అడుగున మేస్త్రి సంతకం. ఒక వానాకాలం బళ్ళన్నీ బారులు తీరి, డ్రైవర్లు కాయితం కోసం గంటలకొద్దీ నిలబడి చిరాకు పడుతుంటే, మేస్త్రే ఒక మార్గం చెప్పాడు. సోమవారం పొద్దున ఏడింటికి, డ్రైవర్లు రాకముందే, మేనేజరు గదిలో కూర్చుని వారానికి సరిపడా కాయితాలన్నిటికీ టిక్కులు పెట్టి సంతకాలు చేసేసేవాడు. ఎలాగూ ప్రతి లోడూ తను కట్టేదే కదా, ముందు చేస్తే ఏంటి, వెనక చేస్తే ఏంటి? కట్ట తీసుకెళ్ళి గేటు గుమాస్తాకి ఇచ్చేవాడు. బండి తయారవగానే గుమాస్తా ఒకటి చింపి డ్రైవరు చేతిలో పెట్టేవాడు. నాలుగేళ్ళుగా ఇదే వరస. ఆ సోమవారం కూడా ముప్పై ఆరు సంతకాలు చేసి, వేళ్ళు విరుచుకుని లేచాడు.

బుధవారం పదకొండింటికి మేనేజరు పిలిచాడు. అవతల పని జరిగే చోట ఒక మిషను ర్యాంపు మధ్యలో ఇరుక్కుపోయిందనీ, వెళ్ళి దింపి రమ్మనీ చెప్పాడు. అప్పటికి పిల్ల రోలరుని ట్రైలరెక్కిస్తున్నారు. పిల్ల అని పేరే గానీ టన్నున్నర బరువు.

"ముందు గొలుసులు రెండూ వేసి ఉంచండి. వెనకవి నేనొచ్చి వేస్తా" అని లోడింగు వాళ్ళకి కేకేసి మేస్త్రి మోటారు సైకిలెక్కాడు.

తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది. రోలరు లేదు. ట్రైలరూ లేదు. లోడింగు వాళ్ళు గోడ నీడలో టిఫిను డబ్బాలకి మూతలు పెడుతున్నారు. కొక్కేనికి రెండు గొలుసులు వేలాడుతున్నాయి.

"రోలరేదిరా?"

"మీ బావమరిది తీసుకెళ్ళాడుగా. అరగంటైంది. ఆ పార్టీ తెగ ఫోన్లు చేస్తుంటే మేనేజరు గారు పంపెయ్యమన్నారు."

"వెనక గొలుసులు ఎవరు వేశారు?"

ఒకడు ఇంకొకడి మొహం చూశాడు. "మీరు వేశారనుకున్నాం. మేం అన్నం తింటున్నాంగా."

మేస్త్రి ఫోను తీసి బావమరిదికి చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. ఎత్తడు. బండి నడుపుతూ ఫోను ఎత్తావంటే చెయ్యి విరగ్గొడతానని చెప్పింది తనే. ఛీ, ఒక్కసారి మాట వినకపోతే ఏం పోయింది వెధవకి!

కొక్కెం మీది గొలుసులు రెండూ లాగి భుజాన వేసుకుని మోటారు సైకిలు మీద పడ్డాడు. గొలుసు కొసలు వీపు మీద కొట్టుకుంటున్నాయి. ఎదురు బండి అద్దంలో ఎండ మెరిసినప్పుడల్లా అదేనేమోనని చూశాడు. యార్డుకి ముప్పై కిలోమీటర్ల అవతల పల్లం ఉంది. పల్లం అడుగున ఎడమకి మలుపు. ఆ మలుపులో ఎవడో ఒకడు అడ్డం రాకుండా ఉండడు, బ్రేకు వేయకుండా కుదరదు. ఆ లోపల అందుకోవాలి. నెమ్మదిగా నడపరా నాయనా, బస్సులో పిల్లలున్నారనుకుని నడపరా అని పైకే అంటున్నాడు. ఒక చోట రైలు గేటు పడి ఉంది. గేటు కింద నుంచి బండి వంచి దూర్చాడు. గేటు మనిషి బూతులు తిట్టాడు. పల్లం మొదట్లోకి వచ్చేసరికి కింద జనం కనిపించారు.

ట్రైలరు రోడ్డుకి అడ్డంగా ఉంది. రోలరు దాని మీద లేదు. రోడ్డు పక్క సైకిళ్ళకీ స్కూటర్లకీ పంక్చర్లు వేసే కొట్టు ఉండేది. నాలుగు రేకులు, ఒక నీళ్ళ తొట్టి, పాత టైర్లు. అందులో పక్కకి పడుకుని ఉంది రోలరు. నీళ్ళ తొట్టి పగిలి నీళ్ళు రోడ్డు మీదికి పారుతున్నాయి. పంక్చర్లాయన్ని అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఎడమ పాదం నుజ్జయిందని ఒకరు, మోకాలి దాకా పోయిందని ఒకరు, ప్రాణమే లేదని ఇంకొకరు చెబుతున్నారు.

బావమరిది రోడ్డు అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. మేస్త్రినీ, ఆయన భుజం మీది గొలుసుల్నీ చూశాడు. చాలాసేపు గొలుసుల వంకే చూశాడు. ఈలోగా పోలీసులు వచ్చి అతన్ని జీపెక్కించుకున్నారు.

గురువారం పొద్దున మేనేజరు మేస్త్రిని పిలిచి, గది తలుపు వేసి కాయితం బల్ల మీద పెట్టాడు. గొలుసులు నాలుగు, టిక్కు. సంతకం.

"డ్రైవరు జేబులో దొరికింది. పోలీసులు నకలిచ్చారు" అన్నాడు. "నువ్వు బతికిపోయావు మేస్త్రీ. గేటు దాటేటప్పుడు నాలుగు గొలుసులూ ఉన్నాయి. దారిలో ఎందుకో వాడే విప్పాడు. లేదంటే స్పీడుగా పోయాడు. తప్పు రోడ్డు మీద జరిగింది, యార్డులో కాదు."

"గొలుసులు యార్డులోనే ఉండిపోయాయి కద సార్."

"ఎవరు చూశారు?"

"లోడింగు వాళ్ళు..."

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. రేపు రవాణా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. నువ్వు నోరు మెదపక్కర్లేదు. కాయితం మాట్లాడుతుంది. సోమవారం సంతకాల సంగతి బయటపడిందనుకో, ముందు నువ్వు పోతావు, వెనకే నేను. పంతొమ్మిదేళ్ళు, మేస్త్రీ. మూణ్ణెల్లు పోతే నీ బావమరిదికి ఇంకో చోట బస్సు దొరుకుతుంది. ఈ వయసులో నీకేం దొరుకుతుంది?"

మేస్త్రి కాయితం మీది సంతకం చూశాడు. చివర గీత ఎప్పట్లాగే వయ్యారంగా పైకి లేచి ఉంది. బయటికొచ్చి మధ్యాహ్నం దాకా ఆరు లోడ్లు కట్టాడు. ఒక్కో గొలుసునీ మూడేసిసార్లు కొట్టి విన్నాడు. డ్రైవర్లు గొణుక్కున్నారు గానీ ఎవరూ ఎదురు చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, పోలీసులు బెయిలు మీద వదిలిన బావమరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్ళక్క లోపలికి రమ్మంటుంటే రావడం లేదు. గడ్డం మాసి ఉంది. వాణ్ణి చూడగానే మేస్త్రికి రెండు రోజులుగా లోపల కుతకుతలాడుతున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"కళ్ళు కనపడవురా నీకు? రెండు గొలుసుల మీద లోడు ఎలా తీశావ్? వెనక్కి తిరిగి ఒక్కసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

బావమరిది మొహంలో రంగు మారింది. "ఆ మాట నువ్వు నన్నడుగుతున్నావా బావా?" అన్నాడు.

"నేను కాకపోతే ఎవరడుగుతారు?"

అతను వాళ్ళక్క వంక ఒకసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"చూశావా పొగరు?" అన్నాడు మేస్త్రి. "పనిలో పెట్టించినందుకు బాగా బుద్ధి చెప్పాడు."

భార్య తమ్ముడు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. తరవాత ఆయనకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"ఏవండీ, ఆ లోడు మీరు చూశారా?"

"ఆఫీసు సంగతులు నీకెందుకు?"

"సంగతులడగలేదు. చూశారా లేదా అని అడిగాను."

ఆయన నీళ్ళు నమిలాడు. గ్లాసులో నీళ్ళు అయిపోయాయి గానీ నమలడం ఆపలేదు.

"మా తమ్ముడి కోసం అడగట్లేదు నేను" అంది ఆమె. "వాడు తప్పు చేస్తే వాడే పడతాడు. రేపు ఆ గదిలోంచి మీరు ఏ మొహంతో బయటికొస్తారా అని అడుగుతున్నా. పొద్దున లేస్తే ఆ మొహం చూడాల్సింది నేను."

గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటూ మేస్త్రి తీర్మానం చేసుకున్నాడు. చెప్పేస్తాడు. ఉద్యోగం పోతే పోనీ. బావమరిదిది తప్పే, కాదనడానికి లేదు. సోమవారం సంతకాల సంగతి యార్డులో పిల్లికి కూడా తెలుసు. తెలిసి కూడా, రెండు గొలుసులే ఉన్నాయని చూసి కూడా, పార్టీ తొందర పెట్టిందని బండి తీశాడు. అయినా చిన్నవాడు, పెళ్ళాం పిల్లలున్నవాడు. తనే పెద్దమనసు చేసుకోవాలి. ఏం చెప్పాలో అద్దం ముందే నాలుగు ముక్కలు కూర్చుకున్నాడు. మేడమ్, వాడు తెలియక చేశాడు, ఆ సంతకం ముందే పెట్టింది, నేనుండి ఉంటే వాణ్ణి పోనిచ్చేవాణ్ణి కాదు, వాడి బదులు శిక్ష నాకు వేయండి. బాగానే ఉందనిపించింది. మొహం తుడుచుకుంటుంటే రెండు రోజుల తరవాత మొదటిసారి ఛాతీ కాస్త తేలికపడింది.

ఇన్‌స్పెక్టరమ్మ పది గంటలకి వచ్చింది. నడివయసు మనిషి, మాట తక్కువ. మేనేజరు కుర్చీలో కూర్చోకుండా బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. బల్ల మీద కాయితం. అటు మేనేజరు, ఇటు మేస్త్రి, ఎదురుగా బావమరిది. గదిలో ఫ్యాను తిరుగుతున్నా మేస్త్రి మెడ చుట్టూ చెమట పట్టింది.

"ముందు డ్రైవరు చెప్పండి" అంది. "బండి తీసేటప్పుడు ఎన్ని గొలుసులున్నాయి?"

"రెండు మేడమ్."

మేనేజరు కుర్చీలో కదిలాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"కాయితంలో నాలుగని ఉంది."

"అవును మేడమ్. గేటు దగ్గర నా చేతికిచ్చినప్పుడు చదివాను. నాలుగని ఉంది, బండి మీద రెండున్నాయి. దిగి వెనక్కి వెళ్ళి చూశాను కూడా."

"చూసి కూడా ఎందుకు తీశారు?"

మేస్త్రి తన నాలుగు ముక్కలూ సిద్ధం చేసుకున్నాడు.

"మా బావ సంతకం ఉంది మేడమ్" అన్నాడు బావమరిది. "నేను అన్నానికి వెళ్ళిన టైములో ఆయన వచ్చి చూసి, చిన్న మిషనే కదా, రెండు చాలని పంపేశాడనుకున్నా. నాలుగు అన్నది ఏదో రాత కోసం రాస్తారేమో అనుకున్నా. బస్సు నడిపినవాణ్ణి, నాకు లోడ్ల సంగతి తెలియదు. ఇక్కడ గొలుసుల గురించి ఆయన కంటే తెలిసినవాళ్ళు లేరు. ఆయన చూసి సంతకం పెట్టాక ఇది సరిగా లేదనడానికి నేనెవర్ని?"

"ఆ సంతకం ఎప్పుడు పెట్టిందో మీకు తెలుసా?"

"అప్పుడే పెట్టి ఉంటాడు మేడమ్. లోడు చూశాక." అతను మేస్త్రి వైపు తిరిగాడు. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. "రెండు గొలుసులకి నువ్వే ఒప్పుకుని, నిన్న నన్నే తిట్టావు బావా. నువ్వలా మాట మారుస్తావని నేను అనుకోలేదు."

మేస్త్రి బల్ల మీది సంతకం వంక చూశాడు.

పిల్లికి కూడా తెలుసనుకున్నాడు. వాడికి తెలియదు. ఎవరు చెప్పారు వాడికి? సోమవారం ఏడింటికి డ్రైవర్లెవరూ యార్డులో ఉండరు. పాతవాళ్ళకి నాలుగేళ్ళుగా అలవాటు, వాళ్ళు సంతకం వంక చూడరు, గొలుసుల వంక చూసుకుంటారు. వీడొక్కడే సంతకాన్ని నమ్మాడు. ఈ యార్డు మొత్తం మీద తన సంతకాన్ని నమ్మినవాడు వీడొక్కడే! వీడికి చెప్పాల్సింది తను. చెప్పలేదు. సంతకం లేకుండా బండి పోదని గొప్పలు చెప్పాడు గానీ, ఆ సంతకం చూడకుండా పెట్టేదని ఇంటి మనిషి ముందు ఒప్పుకోవడానికి నామోషీ అయింది. వాడికి బదులు శిక్ష పడతాడట, పెద్దమనసట! అద్దం ముందు కూర్చుకున్న నాలుగు ముక్కల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"మేస్త్రి గారూ, ఈ లోడు మీరు చూశారా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

మేనేజరు గట్టిగా దగ్గాడు.

"లేదు మేడమ్."

"మరి సంతకం?"

"సోమవారం పెట్టాను. వారం మొత్తానికీ. నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం పెడుతున్నాను. ఆ పద్ధతి పెట్టింది కూడా నేనే. వాడికి ఈ సంగతి తెలియదు. నేను చెప్పలేదు."

బావమరిది ఆయన్ని కళ్ళార్పకుండా చూశాడు. ఆమె రాసుకోవడం అయ్యాక, బండి మీద ఏముందో చూసుకోవాల్సిన బాధ్యత డ్రైవరుకీ ఉంటుందనీ, అనుమానం వచ్చాక ఫోను చేసి అడగాల్సిందనీ చెప్పింది. అతను తలూపాడు. గేటు గుమాస్తా దగ్గర మిగిలిన కాయితాల కట్ట తెప్పించుకుని, సంతకాలున్నవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టి సంచీలో పెట్టుకుంది. మేనేజరు మొహం నెత్తురుచుక్క లేకుండా ఉంది. మేస్త్రిని రేపట్నుంచి రావద్దన్నాడు. ఆయన తలూపి సుత్తి బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాడు.

బావమరిది గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. క్షమించమని అడగాలని మేస్త్రికి ఉంది. ఇన్నేళ్ళలో వాడితో ఆ మాట అనే అవసరం రాలేదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఆసుపత్రికి వెళ్తున్నా" అన్నాడు బావమరిది నేల చూపులు చూస్తూ. "నిన్న వెళ్తే లోపలికి వెళ్ళే ధైర్యం చాల్లేదు."

"ఎక్కు" అన్నాడు మేస్త్రి.

ఆసుపత్రిలో పొడుగాటి గది, రెండు వరసల మంచాలు. పంక్చర్లాయన కిటికీ పక్క మంచంలో ఉన్నాడు. అరవై ఉంటాయి. ఎడమ కాలు కట్టుతో దిండ్ల మీద ఎత్తి పెట్టారు. మోకాలు దక్కింది గానీ పాదంలో ముందు సగం తీసేశారని నర్సు చెప్పింది. ఆయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"డ్రైవరెవరు మీలో?"

"నేనండీ" అన్నాడు బావమరిది.

"ఊఁ. నిన్ను గుర్తుపట్టా. బండి దిగి నా మీదున్న రేకులు లాగింది నువ్వే. మరి ఈయనెవరు?"

"మా బావండీ" అన్నాడు అతను. ఆ పైన ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాడు. మొన్నటి దాకా అయితే ఎవరికైనా సరే, లోడు చూసేది మా బావే, యార్డులో ఆయనకి ఎదురులేదు అని చెప్పేవాడు.

మేస్త్రి ఒకడుగు ముందుకేశాడు. "మీ మీద పడ్డ రోలరుని బయల్దేరే ముందు చూడాల్సింది నేను. చూడలేదు. చూసినట్టు ముందే సంతకం పెట్టాను."

పంక్చర్లాయన చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాడు మేస్త్రి. తిడితే బాగుండుననిపించింది.

"ఎందుకు?" అన్నాడు పంక్చర్లాయన.

మేస్త్రి తడబడ్డాడు. ఈ మూడు రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఎప్పుడని అడిగారు, ఎన్నని అడిగారు, ఎవరని అడిగారు.

"అది... చెప్పాలంటే చాలా ఉందండీ."

"చెప్పు. ఈ కాలేసుకుని నేనెక్కడికి పోతాను?"

బావమరిది పక్క మంచం దగ్గరున్న స్టూలు తెచ్చి వేశాడు. మేస్త్రి కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నేను చాలా గొప్పవాణ్ణనుకున్నానండీ" అని మొదలుపెట్టాడు.